410 మందికీ ఐడెంటిటీ లైసెన్స్ కొనాలా? 58 లక్షల కొటేషన్ చూసి తల తిరిగింది

బరంపురం సిస్టమ్స్

అందరికీ నమస్తే. బరంపురంలో ఒక ప్రైవేటు హాస్పిటల్‌లో ఐటీ చూస్తాను. తలుపు మీద ఐటీ డిపార్ట్‌మెంట్ అని బోర్డు ఉంటుంది గాని లోపల ఉండేది నేనూ, ఇంకో కుర్రాడూ, సర్వర్ల కోసం రాత్రీ పగలూ తిరిగే ఒక పాత ఏసీ. పర్లాకిమిడిలో, రాయగడలో చిన్న బ్రాంచీలు ఉన్నాయి. మొత్తం స్టాఫ్ 410.

గొడవ ఎక్కడ మొదలైందంటే, మా మూడో వార్డు నర్సుల డెస్క్ దగ్గర మానిటర్ కింద ఒక తెల్ల ప్లాస్టర్ ముక్క అంటించి ఉంటుంది, గాయాలకి వేసేదే, దాని మీద బాల్‌పెన్నుతో ward3 అని, పక్కన పాస్‌వర్డ్. మూడు షిఫ్టుల వాళ్ళూ అదే వాడతారు. పోయిన నెల ఒక పేషెంట్ బిల్లులో డిస్కౌంట్ ఎవరో మార్చేశారు. ఎండీగారు పిలిచి ఎవరు చేశారయ్యా అని అడిగితే లాగ్, అంటే ఎవరు ఎప్పుడు ఏం చేశారో ఉండే రికార్డు, తీసి చూపించాను, వార్డు3 చేసింది సార్ అని. ఆయన నా మొహం చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

మర్నాడే ఆయన భువనేశ్వర్ నుంచి ఒక డీలర్ని పిలిపించారు. ఆ డీలర్ ఛెనాపోడ మిఠాయి పెట్టెతో సహా వచ్చి, గంటన్నర స్లైడ్లు చూపించి, వారంలో కొటేషన్ పంపాడు. 410 మందికీ మైక్రోసాఫ్ట్ ఎంట్రా పీ2 (ఎవరు దేన్లోకి లాగిన్ అవ్వచ్చో చూసుకునే క్లౌడ్ సర్వీసు) లైసెన్సులు 39 లక్షలు, సిస్టమ్‌లో ఏదైనా మార్చగల అడ్మిన్ అకౌంట్ల కోసం వేరే టూల్ 6 లక్షలు, ఇన్‌స్టలేషన్ 4 లక్షలు, దాని మీద జీఎస్టీ, వెరసి 58 లక్షలకి కాస్త తక్కువ. ఇన్‌స్టలేషన్ తప్పిస్తే మిగతాది ప్రతి ఏడాదీ కట్టాలి! మా ఎక్స్‌రే మెషీన్ అంత అవలేదు.

నాకు తెలియాల్సింది, ఇంత అవసరమా? తగ్గించాలంటే ఏది కొయ్యాలి? ఏం కోసినా రేపు ఏదైనా జరిగితే నా మెడకే చుట్టుకుంటుంది, అదీ టెన్షన్. శుక్రవారంలోగా సమాధానం చెప్పాలి.

గోపాల్‌పూర్ గాలి

నేనూ బరంపురం వాడినే, పెద్దబజారులో పెరిగాను, ఇప్పుడు హైదరాబాదులో లైసెన్సింగ్ పనే చేస్తున్నా, అంటే ఆ డీలర్ కూర్చునే కుర్చీ లాంటి దాన్లోనే కూర్చుంటాను. అందుకే చెప్తున్నా తమ్ముడూ, ఆయన మోసం చెయ్యలేదు. హెచ్ఆర్ ఇచ్చిన సంఖ్యని లిస్ట్ ధరతో గుణించి పంపాడు, అంతే. పీ2 వెబ్‌సైట్‌లో మనిషికి నెలకి 9 డాలర్లు. 410 ఇంటూ 9 ఇంటూ 12, డాలర్ 88 అనుకుంటే 39 లక్షలు సరిగ్గా సరిపోతుంది. పైసా డిస్కౌంట్ ఇవ్వలేదు, అది వేరే మాట.

ముందు ఆ 410ని ముక్కలు చెయ్యి. ఎంతమంది అసలు కంప్యూటర్ ముట్టుకోరు? ఎంతమందికి సొంత లాప్‌టాప్ ఉంది? ఎంతమంది షేర్డ్ పీసీ మీద పని చేస్తారు? అడ్మిన్ హక్కులు ఎవరికి ఉన్నాయి? ఇంకో ముఖ్యమైన ప్రశ్న, మీ ఆఫీసు స్టాఫ్ మెయిల్‌కి ఇప్పుడు ఏ ప్లాన్ వాడుతున్నారు?

బరంపురం సిస్టమ్స్

అన్నా, కూర్చుని లెక్కపెట్టాను. ఆఫీసు, బిల్లింగ్, అకౌంట్స్ కలిపి 65. డాక్టర్లు 45, అందరికీ సొంత లాప్‌టాప్‌లే, ఇంటి నుంచి రిపోర్టులు చూస్తారు. నర్సులు, ల్యాబ్, ఫార్మసీ కలిపి 220, వాళ్ళకి షేర్డ్ పీసీలు ఓ 70 ఉంటాయి. మిగతా 80 హౌస్‌కీపింగ్, సెక్యూరిటీ, వంటగది, వాళ్ళకి కంప్యూటర్‌తో పని లేదు. అడ్మిన్ హక్కులు నలుగురికి. నేను, కుర్రాడు, హాస్పిటల్ సాఫ్ట్‌వేర్ కంపెనీ మనిషి, ఎండీగారి బావమరిది. నాలుగో ఆయనకి ఎందుకున్నాయో అడక్కండి.

ఆఫీసు 65 మందికీ మెయిల్‌కి మైక్రోసాఫ్ట్ 365 బిజినెస్ ప్రీమియం ప్లాన్ ఉంది.

గోపాల్‌పూర్ గాలి

ఇదీ సంగతి. బిజినెస్ ప్రీమియంలో ఎంట్రా పీ1, అంటే పీ2 కన్నా కింది మెట్టు, ముందే ఉంటుంది. అంటే ఆ 65 మందికి నువ్వు పీ1 డబ్బు నెలనెలా కడుతూనే ఉన్నావు, వాడట్లేదంతే. ఎవరు ఏ మెషీన్ నుంచి ఏ చోటు నుంచి లాగిన్ అవ్వచ్చు అని షరతులు పెట్టే కండిషనల్ యాక్సెస్ పీ1లోనే వస్తుంది. పీ2లో అదనంగా వచ్చేది ముఖ్యంగా రెండు: అనుమానాస్పద లాగిన్‌ని దానంతట అదే పసిగట్టి ఆపడం, అడ్మిన్ హక్కుల్ని ఎప్పుడూ ఉంచకుండా కావలసినప్పుడు గంటో రెండు గంటలో ఇచ్చి మళ్ళీ తీసేసుకోవడం. ఆ రెండోదాన్ని పిమ్ అంటారు, దానికి లైసెన్స్ కావలసింది ఆ హక్కులు తీసుకునేవాళ్ళకీ, వాటిని ఆమోదించేవాళ్ళకీ, రివ్యూ చేసేవాళ్ళకీ మాత్రమే. మీ దగ్గర నలుగురు. బావమరిదిగారిని దించితే ముగ్గురు.

ఆ 80 మందికి అకౌంటే లేనప్పుడు లైసెన్స్ ఎందుకు, సున్నా. డాక్టర్లకి విడిగా పీ1, మనిషికి 6 డాలర్లు. నర్సులకి మైక్రోసాఫ్ట్ 365 ఎఫ్1 అని ఒకటుంది, 2025 ధరల్లో నెలకి 2.25 డాలర్లు, అందులో కూడా పీ1 ఉంటుంది. విడిగా పీ1 కొంటే 6, పీ1 ఉన్న ఎఫ్1 కొంటే 2.25, ఈ విచిత్రం చాలామంది డీలర్లు మనంతట మనం అడిగితే తప్ప చెప్పరు. కానీ ఎఫ్ లైసెన్స్‌కి షరతు ఉంది, షేర్డ్ మెషీన్ మీదనో, 10.9 అంగుళాల కన్నా చిన్న స్క్రీన్ మీదనో పని చేసేవాళ్ళకే ఇవ్వాలి. నర్సులకి సరిపోతుంది, లాప్‌టాప్ ఉన్న డాక్టరుకి ఇస్తే తప్పు.

మొత్తం 220 ఎఫ్1, 45 పీ1, 4 పీ2. ఏడాదికి 9,612 డాలర్లు, ఎనిమిదిన్నర లక్షలు, జీఎస్టీ కలిపి పది.

ఒకటి మాత్రం చెయ్యకు. ఒక్క పీ2 లైసెన్స్ కొంటే టెనెంట్ మొత్తానికి, అంటే మీ సంస్థ అకౌంట్లన్నిటికీ, ఆ ఫీచర్లు వెలుగుతాయి, దాంతో ఇంక అందరికీ వాడేద్దాం అని కొందరు సలహా ఇస్తారు. టెక్నికల్‌గా పని చేస్తుంది. లైసెన్స్ నిబంధన మాత్రం ఫీచర్ వల్ల లాభపడే ప్రతి మనిషికీ ఉండాలంటుంది. ఆడిట్ వచ్చిన రోజు పాత బాకీతో సహా కక్కిస్తారు.

జయపురం పెంగ్విన్

పదో యాభై ఎనిమిదో, అసలు ఎందుకు కట్టాలి? కీక్లోక్ అని లాగిన్లు చూసుకునే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, అది పెట్టుకోండి. అపాచీ 2.0 లైసెన్స్, యూజర్‌కి ఇంత అని లెక్కే లేదు, 2023 నుంచి సీఎన్‌సీఎఫ్ అనే ఓపెన్ సోర్స్ సంస్థలో ఉంది. మా కాలేజీలో మూడు వేల మంది పిల్లలకి రెండు వర్చువల్ మెషీన్ల మీద నడుపుతున్నా.

గోపాల్‌పూర్ గాలి

పిల్లలకి లాగిన్ అవ్వకపోతే క్లాసు ఎగ్గొడతారు గురూ. ఐసీయూలో లాగిన్ అవ్వకపోతే? ఉన్నది ఇద్దరు మనుషులు. కీక్లోక్ అప్‌గ్రేడ్ చేసిన రాత్రి ఏదో ఆగిపోతే ఎవరికి ఫోన్ చేస్తాడు, నీకా?

జయపురం పెంగ్విన్

నాకే చెయ్యమనండి, ఎత్తుతాను 🙂 సరే, ఒప్పుకున్నా, ఫ్రీ అంటే జీతం మన జేబులోంచి పోతుందని అర్థం.

కానీ ఇద్దరూ అసలు ప్రశ్న అడగలేదు. ఆ వార్డు3 అనేది దేని లాగిన్? విండోస్‌దా, హాస్పిటల్ సాఫ్ట్‌వేర్‌దా? బిల్లు మారింది హాస్పిటల్ సాఫ్ట్‌వేర్‌లో. దాని యూజర్లు దాని సొంత డేటాబేస్‌లో ఉంటే, మీరు ఎంట్రా పీ2 కాదు గదా పీ20 కొన్నా ఆ ప్లాస్టర్ ముక్క అక్కడే ఉంటుంది. వీధి గుమ్మానికి ఇత్తడి తాళం వేసి పెరటి తలుపు గడియ మర్చిపోయినట్టు. ముందు ఆ సాఫ్ట్‌వేర్ వాళ్ళని అడగండి, బయటి లాగిన్‌ని ఒప్పుకుంటుందా, సామ్ల్ ఉందా, ఎల్డాప్ ఉందా అని. రెండూ వేరే చోట ఉన్న అకౌంట్‌తో లాగిన్ అవనిచ్చే పద్ధతులే.

గోపాల్‌పూర్ గాలి

👆 ఒప్పుకుంటున్నా, నేను లైసెన్సుల మనిషిని గనుక లైసెన్సులే లెక్కపెట్టాను.

రాయగడ బీ షిఫ్ట్

మా ఫ్యాక్టరీలో నేను కాల్చుకున్న చెయ్యి చూపిస్తాను, కనీసం మీరైనా కాల్చుకోకండి. 2022 నుంచి మైక్రోసాఫ్ట్ కొత్త పద్ధతి పెట్టింది, ఏడాది కమిట్‌మెంట్ మీద కొంటే మొదటి 7 రోజుల్లోనే రద్దు చేసుకోవాలి, ఎనిమిదో రోజు నుంచి సంఖ్య పెంచుకోవచ్చు గాని తగ్గించడానికి వీల్లేదు, ఏడాది నిండేదాకా కట్టాల్సిందే. మా ఫ్యాక్టరీకి ఏటా షట్‌డౌన్ మెయింటెనెన్స్ ఉంటుంది, అప్పుడు కాంట్రాక్ట్ మనుషులు దిగుతారు. వాళ్ళకి గేటు పాసు, వర్క్ పర్మిట్ యాప్‌లకి లాగిన్ కావాలి. నేను 140 లైసెన్సులు కలిపాను. షట్‌డౌన్ ఇరవై రెండు రోజులు. మనుషులు వెళ్ళిపోయారు, లైసెన్సులు పదకొండు నెలలు నాతో ఉండిపోయాయి. ప్రతి నెలా ఫైనాన్స్ వాళ్ళు ఆ లైను కింద ఎర్ర గీత గీసి పంపేవాళ్ళు, మాట మాత్రం రాయరు, గీతే.

నెలవారీ టర్మ్ కూడా ఉంది, 20 శాతం ఎక్కువ. స్థిరంగా ఉండేవాళ్ళకి ఏడాది, వచ్చి పోయేవాళ్ళకి నెలవారీ, రెండూ కలిపి కొనుక్కోవచ్చు. మీ నర్సింగ్ స్టూడెంట్లు ఆరు నెలలకి మారిపోతారు గదా, వాళ్ళని ఆ 220లో కలిపారా? ఇంకోటి, ఏడాది కమిట్‌మెంట్ తీసుకుని డబ్బు నెలనెలా కడితే 2025 ఏప్రిల్ నుంచి 5 శాతం అదనం. ఒకేసారి కట్టగలిగితే అది మిగులుతుంది.

ఎంట్రా లాంటిదే ఇంకో కంపెనీది, ఓక్టా కూడా అడిగి చూశాను. స్టార్టర్ మనిషికి 6 డాలర్లు, దాని పైది 17. మెయిల్ ఎలాగూ మైక్రోసాఫ్ట్‌దే వాడుతున్నప్పుడు మళ్ళీ అది ఎందుకని వదిలేశాను.

పర్లాకిమిడి పద్దులు

నేను ఐటీ కాదు, అకౌంట్సు. మా అల్లుడు ఈ చర్చ పంపితే చదివాను. బాబూ, రాయగడ ఆయన చెప్పిన లెక్కకీ మీ లెక్కకీ ఒక తేడా ఉంది. ఫ్యాక్టరీ కట్టిన 18 శాతం జీఎస్టీ ఇన్‌పుట్ క్రెడిట్‌గా వెనక్కి వస్తుంది. హాస్పిటల్‌కి అలా కాదు. వైద్యసేవ మీద జీఎస్టీ మినహాయింపు ఉంది గనుక దానికి వాడిన సాఫ్ట్‌వేర్ మీద క్రెడిట్ రాదు. బయటి వాళ్ళకి మందులు అమ్మే ఫార్మసీకి పన్ను ఉంటుంది గనుక ఆ మేరకు కొంత వాటా రావచ్చు, అది మీ ఆడిటరు తేలుస్తాడు. అంచేత మీకు ఆ 18 శాతం అసలు ఖర్చే. డీలర్ ప్లస్ జీఎస్టీ అని చిన్న అక్షరాల్లో రాస్తే దాన్ని పెద్దక్షరాల్లో చదువుకోండి.

విదేశీ కంపెనీ వెబ్‌సైట్‌లో కార్డు గీకి కొంటే పన్ను తప్పుతుందని కూడా అనుకోవద్దు. రివర్స్ చార్జ్ కింద మీరే కట్టాలి.

బరంపురం సిస్టమ్స్

అందరికీ దండాలు. జయపురం అన్న అడిగిన ప్రశ్న పట్టుకుని నిన్న హాస్పిటల్ సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఫోన్ చేశాను. వార్డు3 దాని లాగినే, యూజర్లు దాని సొంత డేటాబేస్‌లోనే. డీలర్ గంటన్నర స్లైడ్లలో ఈ ఊసే లేదు, నాకూ తట్టలేదు, నిజం చెప్పాలంటే సిగ్గుగా ఉంది.

సామ్ల్ కావాలంటే వాళ్ళ ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్‌కి మారాలట, మూడున్నర లక్షలు. కానీ ఎల్డాప్ మాత్రం ఇప్పుడున్న వెర్షన్‌లోనే ఉందట, సెట్టింగ్స్‌లో ఒక చెక్‌బాక్సు! నాలుగేళ్ళుగా అది ఖాళీగా నన్నే చూస్తోంది. మాకు లోపల యాక్టివ్ డైరెక్టరీ సర్వర్, అంటే అకౌంట్లూ పాస్‌వర్డ్లూ ఉంచే మైక్రోసాఫ్ట్ సర్వర్, ఎలాగూ ఉంది. అంటే నర్సులకి ఎవరి పేరుతో వాళ్ళకి అందులో అకౌంట్ ఇచ్చి, హాస్పిటల్ సాఫ్ట్‌వేర్‌ని దానికి కడితే సరిపోతుందా? క్లౌడ్ లైసెన్స్ నర్సులకి ఇప్పుడు అక్కర్లేదా?

జయపురం పెంగ్విన్

సామ్ల్‌ని ఖరీదైన ఎడిషన్‌లో దాచిపెట్టడం ప్రపంచమంతా ఉన్న జబ్బే, ఎస్‌ఎస్‌ఓ (ఒకే లాగిన్‌తో అన్నీ తెరవడం) ట్యాక్స్ అని పేరు కూడా పెట్టారు. తాళం పెట్టుకుంటానంటే తలుపు ధర పెంచడం.

మీకు ఎల్డాప్ చాలు. అయితే మామూలు ఎల్డాప్ పెట్టకండి, పాస్‌వర్డ్ నెట్‌వర్క్ మీద బట్టల్లేకుండా పరిగెడుతుంది. సర్టిఫికెట్ పెట్టి 636 పోర్టు మీద ఎల్డాప్స్, అంటే గుప్తంగా నడిచే ఎల్డాప్, పెట్టండి. ఇంకా ఒక లాభం ఉంది, మీ ఊరు గురించి నాకన్నా మీకే ఎక్కువ తెలుసు. 2013లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. కరెంటు, ఫైబరు రోజుల తరబడి లేవు. 2018లో తిత్లీ వచ్చి గజపతి జిల్లాని ముంచింది. అలాంటి రోజున నర్సు లాగిన్ క్లౌడ్ మీద ఆధారపడి ఉంటే ఏమవుతుంది? లోపలి సర్వర్ అయితే జనరేటర్ ఉన్నంతసేపు నడుస్తుంది.

గోపాల్‌పూర్ గాలి

దానికి నా మాట రెండు ముక్కలు. లోపలి సర్వర్ ఫ్రీ అనుకోకు, విండోస్ సర్వర్‌కి క్యాల్ అని, దాన్ని వాడుకునే ఒక్కో మనిషికో మెషీన్‌కో తీసుకునే లైసెన్స్, ఉంటుంది. యూజర్ క్యాల్ కొంటే 220, డివైస్ క్యాల్ కొంటే 70. మూడు షిఫ్టులూ అదే పీసీ మీద కూర్చుంటారు గనుక డివైస్ క్యాల్ తీసుకో. ఒక్కసారి కొంటే ఆ సర్వర్ వెర్షన్ ఉన్నంతకాలం నీవే, ఏడాది చందా కాదు.

రెండోది, లోపల ఉన్నది గదా అని యాక్టివ్ డైరెక్టరీని గాలికి వదిలేస్తే మాత్రం ప్రమాదం. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద దాడి జరిగితే రోజుల తరబడి ఓపీ చీటీలు చేత్తో రాసుకున్నారు, గుర్తుందిగా. అందుకే నలుగురు అడ్మిన్ల మీద కంజూసీ చెయ్యొద్దు, ఆ పీ2 తీసుకో. అయితే పిమ్ కాపలా కాసేది క్లౌడ్ వైపు హక్కుల్నే, లోపలి డొమైన్ అడ్మిన్‌ని, అంటే యాక్టివ్ డైరెక్టరీ మీద పూర్తి హక్కులున్న అకౌంట్‌ని, కాదు. దానికి రోజువారీ పనికి ఒక అకౌంటు, అడ్మిన్ పనికి వేరే అకౌంటు పెట్టుకో. ఒక్కో పీసీలో ఉండే లోకల్ అడ్మిన్ పాస్‌వర్డ్‌కి విండోస్ ల్యాప్స్ ఉంది, 2023 ఏప్రిల్ నుంచి విండోస్‌లోనే వస్తోంది, ప్రతి మెషీన్‌కీ వేరే పాస్‌వర్డ్ పెట్టి తనే మారుస్తూ ఉంటుంది, డబ్బు అక్కర్లేదు. ఆ 6 లక్షల టూల్ ఈ ఏడాదికి పక్కన పెట్టొచ్చు.

నర్సుల్ని తీసేస్తే డాక్టర్ల పీ1, అడ్మిన్ల పీ2 కలిపి 3,672 డాలర్లు, జీఎస్టీతో నాలుగు లక్షల లోపు. క్యాల్స్ విడిగా. మళ్ళీ చెప్తున్నా, బావమరిదిగారు ముందు.

బల్లార్షా చౌరస్తా

మహారాష్ట్ర వైపు నుంచి, చంద్రపూర్ జిల్లా. మా ఊళ్ళో కూడా ఆసుపత్రి పనే. ఎవరూ లాగుల గురించి మాట్లాడలేదు. సెర్ట్-ఇన్ (సైబర్ దాడుల సంగతి చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) 2022 ఏప్రిల్ ఉత్తర్వు ప్రకారం లాగులు 180 రోజులు దాచాలి, ఏదైనా దాడి జరిగితే తెలిసిన 6 గంటల్లో చెప్పాలి. ఎంట్రా ఫ్రీలో లాగిన్ రికార్డు ఉండేది 7 రోజులు, పీ1, పీ2 ఏది కొన్నా 30 రోజులే. 9 డాలర్లు కట్టినా 180 రావు! బయటికి ఎగుమతి చేసి దాచుకోవాలి, దానికి స్టోరేజీ ఖర్చు విడిగా రాసుకోండి. హాస్పిటల్ సాఫ్ట్‌వేర్ లాగు కూడా అంతే, మాది 15 రోజులకే చెరిపేసుకుంటోందని చూసుకున్నాక తెలిసింది. 2023 డేటా రక్షణ చట్టంలో సరైన భద్రత పెట్టకపోతే జరిమానా 250 కోట్ల దాకా ఉంది. మీ ఎండీగారు ఖర్చు అనగానే గొణిగితే ఆ అంకె చెప్పండి, డీలర్ మాత్రం ఆ అంకె చెప్పి భయపెడితే నమ్మకండి, మనం ఏం కొన్నాం అన్నది చట్టంలో లేదు, పేషెంట్ వివరాలకి సరైన భద్రత పెట్టామా అన్నదే ఉంది.

రాయగడ బీ షిఫ్ట్

వెళ్ళిపోయిన వాళ్ళ అకౌంట్లు కూడా లెక్కపెట్టండి బాబూ, అక్కడే సగం దొరుకుతుంది.

బరంపురం సిస్టమ్స్

రాయగడ అన్నా, చూశాను. ఉద్యోగం మానేసి వెళ్ళిపోయిన 31 మంది అకౌంట్లు ఇంకా బతికే ఉన్నాయి. ఒక డాక్టరుగారు విశాఖలో వేరే ఆసుపత్రిలో చేరి ఏడాది దాటింది, ఆయన మెయిల్‌కి నెలనెలా లైసెన్స్ కడుతున్నాం. ఎండీగారికి శుక్రవారం ఒక్క కాగితం ఇచ్చాను, ఎడమ పక్క 58, కుడి పక్క 4, మధ్యలో ఎవరికి ఎందుకు అని. ఆయన ముందు 31 మీద ఆగారు, తర్వాత బావమరిది పేరు మీద ఆగారు. కాసేపు ఏం మాట్లాడలేదు. సరే తీసెయ్ అన్నారు.

ఎల్డాప్స్ సర్టిఫికెట్‌తో రెండు రాత్రులు కుస్తీ పట్టి, ముందు మూడో వార్డు ఒక్కదానికే కలిపాం. నర్సులకి ఎవరి లాగిన్ వాళ్ళకి ఇచ్చాం. మొదట్లో కాస్త సణిగారు, షిఫ్టు మారినప్పుడు మళ్ళీ లాగిన్ అవ్వాలా అని. హెడ్ సిస్టర్‌గారు మాత్రం, ఇకమీదట ఎవరో చేసిన దానికి నేను సంజాయిషీ రాయక్కర్లేదు గదా అని ఒడియాలో ఓ మాట అని ప్లాస్టర్ ముక్కని తనే పీకేశారు.

ఈ పొద్దున వార్డు3 అకౌంట్ డిసేబుల్ చేశాను. పది నిమిషాల్లో నాలుగు ఫోన్లు, లాగిన్ అవ్వట్లేదని. అందులో మూడు ఆ వార్డులోంచే, అవి ఎదురుచూసినవే. నాలుగోది కింద ఫార్మసీ నుంచి. వాళ్ళకి ఆ పాస్‌వర్డ్ ఎలా వెళ్ళిందో కనుక్కోవడానికి ఇప్పుడు కిందికి దిగుతున్నా.